కార్ మెయింటెనెన్స్: బండి ఆగాక షెడ్డుకు వెళ్తే జేబుకు చిల్లే.. వందల్లో పోయే ఖర్చు వేలు, లక్షలు ఎందుకు అవుతుంది? ముందే ఏం చూసుకోవాలి?

సంక్రాంతి సెలవులు మొదలయ్యాయంటే హైదరాబాద్-విజయవాడ హైవే ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరి నత్తనడకన కదులుతుంటాయి. ఆ వరుస పక్కన ఏటా కనిపించే దృశ్యం ఒకటుంది. బానెట్ ఎత్తిన కారు.. లోపల నుంచి బుసలు కొడుతున్న ఆవిరి.. మెకానిక్ కోసం ఫోన్లు చేస్తున్న ఇంటి పెద్ద.. వెనక సీట్లో పిల్లలు, ముసలివాళ్లు.

"నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి ఆగిపోయింది" అనేది అలాంటి చోట తరచూ వినిపించే మాట. కానీ కారు నిజంగా ఉన్నట్టుండి ఆగిపోవడం తక్కువే. చాలాసార్లు అది నెలల ముందు నుంచే ఏదో ఒక రకంగా చెబుతూనే ఉంటుంది. వినే తీరిక మనకే ఉండదు.

అందుకే ఆటోమొబైల్ రంగంలో రెండు పద్ధతుల గురించి చెబుతారు. పాడవ్వకముందే చూసుకోవడం ఒకటి, పాడయ్యాక బాగు చేయించుకోవడం మరొకటి. మొదటిదాంట్లో ఖర్చు ముందే తెలుస్తుంది, రోజు మనమే ఎంచుకోవచ్చు. రెండోదాంట్లో ఖర్చు, రోజు, చోటు.. మూడూ కారే నిర్ణయిస్తుంది.

ఒక పాత పైపు ఎంత పని చేస్తుందంటే..

ఆ టోల్ గేట్ దగ్గరి ఆవిరి సంగతే చూద్దాం. రేడియేటర్ నుంచి ఇంజిన్‌కు కూలెంట్ తీసుకెళ్లే పైపులు రబ్బరువి. వేడికి, ఏళ్లకు ఆ రబ్బరు గట్టిపడుతుంది, చిన్న పగుళ్లు వస్తాయి. మొదట చుక్కలు చుక్కలుగా కారుతుంది. బానెట్ కింద తెల్లటి రిజర్వ్ ట్యాంక్‌లో లెవెల్ నెమ్మదిగా తగ్గుతుంది. ఈ దశలో పైపు, క్లిప్పు మార్చి, కూలెంట్ నింపితే సరిపోతుంది.

ఎవరూ చూడలేదనుకోండి. సిటీలో రోజూ పది కిలోమీటర్లు తిరిగినన్ని రోజులు బండి నెట్టుకొస్తుంది. పండగ రోజున ఫుల్ లోడ్, ఫుల్ ఏసీ, గంటసేపు ఆగి ఆగి వెళ్లే ట్రాఫిక్. ఎదురుగాలి లేదు కాబట్టి రేడియేటర్‌ను చల్లబరిచే భారమంతా ఫ్యాన్ మీదే. ఆ ఒత్తిడికి పైపు తెగుతుంది. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు చేరుతుంది.

అప్పుడైనా వెంటనే ఆపితే నష్టం కొంత తగ్గుతుంది. "టోల్ దాటాక చూద్దాంలే" అని ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే ఇంజిన్ పైభాగంలోని అల్యూమినియం హెడ్ వేడికి వంగిపోవచ్చు. హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కూలెంట్, ఇంజిన్ ఆయిల్ కలిసిపోతాయి. ఇక ఇంజిన్ విప్పాల్సిందే. వందల్లో పోయే పని వేలు దాటి, ఇంజిన్ సీజ్ అయితే లక్షకు కూడా చేరొచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

చౌక పార్టే ఖరీదైన పార్టుకు కాపలా

కారు మెయింటెనెన్స్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే. కారులో తరచూ మార్చాల్సిన ప్రతి చిన్న వస్తువూ ఒక పెద్ద వస్తువును కాపాడుతుంటుంది. ఆయిల్ ఇంజిన్‌ను కాపాడుతుంది. కూలెంట్ హెడ్‌ను కాపాడుతుంది. బ్రేక్ ప్యాడ్ డిస్క్‌ను కాపాడుతుంది. ఎయిర్ ఫిల్టర్ సిలిండర్లను కాపాడుతుంది. చిన్నదాన్ని సమయానికి మార్చకపోతే అరిగే వంతు పెద్దదానికి వస్తుంది.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటే పొరపాటే!

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఏమైనా వాళ్లే చూసుకుంటారు" అని చాలామంది ధీమాగా ఉంటారు. అసలు మెలిక ఇక్కడే ఉంది. సాధారణ మోటార్ పాలసీ యాక్సిడెంట్, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద లాంటి వాటికి వర్తిస్తుంది. వాడకం వల్ల అరిగిపోవడం, మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ అందులోకి రావు. అంటే ఆయిల్ లేక ఇంజిన్ పట్టేసినా, కూలెంట్ లేక హెడ్ వంగినా బిల్లు మొత్తం ఓనర్‌దే.

వారంటీకి కూడా షరతులుంటాయి. కంపెనీ చెప్పిన గడువులో సర్వీస్ చేయించినట్టు రికార్డు లేకపోతే ఆ లోపానికి సంబంధించిన క్లెయిమ్‌ను తిరస్కరించే అవకాశం ఉంది. రేపు కారు అమ్మాలన్నా కొనేవాళ్లు ముందు అడిగేది సర్వీస్ హిస్టరీనే.

ఇంజిన్ ఆయిల్: కిలోమీటర్లే కాదు, నెలలు కూడా లెక్కే

ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది.. ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలని కంపెనీలు చెబుతాయి. మీ కారుకు ఎంత అన్నది ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. అందులో ఉన్న గ్రేడే పోయించాలి. 0డబ్ల్యూ-20 పోయాల్సిన ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే "ఇంజిన్‌కు బలం" అనే మాట పాతకాలం నాటిది.

"మా కారు ఏడాదికి మూడు వేలు కూడా తిరగదు, ఆయిల్ ఎందుకు మార్చడం?" అనే ప్రశ్న తరచూ వినిపిస్తుంది. నిజానికి తక్కువ తిరిగే కారుకే కొన్ని ఇబ్బందులు ఎక్కువ. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాకా వెళ్లొచ్చే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, ఇంధనపు ఆనవాళ్లు ఆవిరి కావు. అవి ఆయిల్‌లోనే ఉండిపోయి దాన్ని పాడు చేస్తాయి. టర్బో ఇంజిన్ అయితే మరింత జాగ్రత్త. టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని బేరింగ్‌కు ఉన్న దిక్కు ఆ పలుచటి ఆయిల్ పొరే.

నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడటానికి రెండు నిమిషాలు చాలు. బండిని సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ కట్టేసి కాసేపాగి చూడాలి. లెవెల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే కూలెంట్ కలిసి ఉండొచ్చు. ఆ బండిని ఇక నడపకుండా మెకానిక్‌కు చూపించడమే మంచిది.

కూలెంట్: బోరు నీళ్లు పోస్తున్నారా?

రిజర్వ్ ట్యాంక్‌లో లెవెల్ తగ్గితే బాటిల్‌లో నీళ్లు పోసేయడం చాలామందికి అలవాటు. దారిలో అత్యవసరంగా, ఇంజిన్ చల్లారాక ఒకసారి పోస్తే పోశారు గానీ అదే అలవాటు కాకూడదు. బోరు నీళ్లలోని లవణాలు లోపల పొరలా పేరుకుంటాయి. ఇంట్లో గీజర్ కాయిల్‌కు తెల్లగా పట్టేది ఏదో, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకునేదీ అదే. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి. మరిగే ఉష్ణోగ్రత కూడా నీళ్ల కన్నా ఎక్కువ.

పదే పదే లెవెల్ తగ్గుతుంటే మాత్రం నింపడం పరిష్కారం కాదు. ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఇంకో మాట.. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న వేడి ద్రవం ముఖం మీదకు చిమ్ముతుంది.

బ్రేకులు: తిరుమల ఘాట్ దిగేటప్పుడు గుర్తొస్తే లాభం లేదు

బ్రేక్ ప్యాడ్ అరిగేకొద్దీ చాలా కార్లలో కీచుమని శబ్దం వస్తుంది. అది కావాలని పెట్టిన హెచ్చరిక. ఆ దశలో ప్యాడ్లు మారిస్తే చాలు. పట్టించుకోకపోతే ప్యాడ్ వెనకున్న ఇనుప పలక డిస్క్‌ను గీరేస్తుంది. కీచుమన్న శబ్దం గరగరగా మారుతుంది. అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కులూ మార్చాలి.

చాలామంది అసలు పట్టించుకోనిది బ్రేక్ ఫ్లూయిడ్. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లలో దిగుతూ ఆపకుండా బ్రేక్ తొక్కితే ఆ వేడికి ఫ్లూయిడ్ మరిగి బుడగలు వస్తాయి. పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చమంటాయి. దిగేటప్పుడు చిన్న గేర్‌లో, ఇంజిన్ బ్రేకింగ్‌తో రావడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

టైర్లు: ఎండాకాలంలో గాలి తక్కువైతే..

"ఎండలకు గాలి వ్యాకోచిస్తుంది, కాస్త తక్కువే కొట్టించాలి" అనే సలహా పెట్రోల్ బంకుల దగ్గర వినిపిస్తుంది. ఇది తప్పు. గాలి తక్కువైతే టైర్ పక్క గోడలు ఎక్కువగా వంగి లేస్తుంటాయి. ఆ రాపిడికి వేడి పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం, ఫుల్ లోడ్, హైవే స్పీడు కూడా తోడైతే టైర్ పేలే ప్రమాదం ఉంది. డ్రైవర్ డోర్ పక్కన స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. టైర్ చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి ఎక్కువ దూరం తిరగకముందే చెక్ చేయించాలి. స్టెప్నీని మర్చిపోవద్దు.

టైర్ గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఇక మార్చాల్సిందే. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గుర్తులు ఉంటాయి. టైర్ అరిగి వాటితో సమానమైతే గుండు అయినట్టే. వానలో అలాంటి టైర్ నీళ్ల మీద తేలిపోతుంది, బ్రేక్ పట్టదు.

టైర్ వయసు కూడా తెలుసుకోవచ్చు. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైర్ కొనేటప్పుడూ ఈ నంబర్ చూసుకోవాలి. టైర్ ఒకవైపే అరుగుతుంటే లోపం టైర్‌లో కాదు, అలైన్‌మెంట్‌లో ఉండొచ్చు. అది సరిచేయించకుండా కొత్త టైర్ వేసినా మళ్లీ అలాగే అరుగుతుంది.

బ్యాటరీ: పొద్దున్నే సెల్ఫ్ బరువుగా కొడుతోందా?

మన వాతావరణంలో కారు బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. దాన్ని లోపల నుంచి తినేసేది ప్రధానంగా ఎండ వేడి. కానీ అది దొరికిపోయేది చలికాలం ఉదయమో, ఎయిర్‌పోర్టుకు టైమ్ అయిపోతున్నప్పుడో. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ బరువుగా తిరగడం, ఆ సమయంలో లైట్లు మసకబారడం ముందస్తు సంకేతాలు.

బ్యాటరీ షాపులో వోల్టేజ్ చూపించుకోవచ్చు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్ ఛార్జ్ ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తుంది. అంతకన్నా బాగా తక్కువైతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్‌ను చూడాలి. ఇది తెలియక కొత్త బ్యాటరీ వేయించి, వారానికే మళ్లీ తోయించుకునేవాళ్లూ ఉన్నారు.

టైమింగ్ బెల్ట్: హెచ్చరించకుండానే తెగొచ్చు

అన్ని కార్లకూ ఇది ఉండదు. కొన్నింటికి చైన్, కొన్నింటికి రబ్బరు బెల్ట్ ఉంటుంది. ఏది ఉందో మాన్యువల్‌లో చూడండి, లేదా మెకానిక్‌ను అడగండి. ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లయ తప్పకుండా నడిపించేది ఈ బెల్టే. చాలా ఇంజిన్లలో ఇది తెగితే పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి. క్షణాల్లో ఇంజిన్ విప్పాల్సిన పరిస్థితి వస్తుంది. తెగేముందు శబ్దం వస్తుందన్న భరోసా లేదు. అందుకే దీన్ని పాడయ్యేదాకా ఆగి మార్చడం అనే మాటే లేదు. కంపెనీ చెప్పిన కిలోమీటర్లు లేదా ఏళ్ల గడువుకు మార్చేయాలి. సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఇది ఎప్పుడు మార్చారో మొదట తెలుసుకోవాలి.

సీఎన్‌జీ, బీఎస్-6 డీజిల్, ఎలక్ట్రిక్ కార్లకు ప్రత్యేకం

సీఎన్‌జీ కారు సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి. ఇది ఖర్చు కాదు, డిక్కీలో అంత ఒత్తిడితో గ్యాస్ పెట్టుకుని తిరిగే కుటుంబానికి భద్రత.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద కొంతసేపు ఒకే వేగంతో నడవాలి. సిటీ ట్రాఫిక్‌లోనే తిరిగితే ఫిల్టర్ నిండిపోతుంది, లైట్ వెలుగుతుంది. ఆ లైట్‌ను వదిలేస్తే ఫిల్టరే మార్చాల్సి రావచ్చు.

ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ ఆయిల్ ఉండదు. అలాగని అసలేమీ అక్కర్లేదని కాదు. టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, ఏసీ ఫిల్టర్, చాలా మోడళ్లలో బ్యాటరీ కూలెంట్ చూసుకోవాల్సిందే.

ఎర్ర లైటా? పసుపు లైటా?

మీటర్‌లో వెలిగే లైట్ల రంగుకు అర్థం ఉంది. పసుపు లేదా నారింజ రంగు అయితే త్వరగా చూపించుకోమని. ఎరుపు అయితే సురక్షితమైన చోట వెంటనే ఆపమని. ముఖ్యంగా ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే "దగ్గర్లో షెడ్డు దాకా వెళ్దాం" అనుకోవద్దు. ఆయిల్ ప్రెజర్ లేకుండా ఆ కాస్త దూరమే ఇంజిన్‌ను పట్టేయొచ్చు. బండిని టో చేయించుకోవడమే నయం. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా కాకుండా మినుకుమినుకుమంటే మిస్ ఫైర్ అవుతున్నట్టు. అలాగే నడిపితే సైలెన్సర్ లైన్‌లో ఉండే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది.

నేషనల్ హైవే మీద బండి ఆగిపోతే 1033 నంబర్‌కు ఫోన్ చేసి సాయం కోరవచ్చు. హజార్డ్ లైట్లు వేసి, వెనక కాస్త దూరంలో ఎర్ర త్రికోణం పెట్టి, కుటుంబాన్ని రోడ్డు అంచు అవతలకు పంపాలి. ఆగిపోయిన కారును వెనక నుంచి లారీ ఢీకొట్టిన వార్తలు తరచూ చూస్తూనే ఉన్నాం. బ్రేక్‌డౌన్ అంటే డబ్బు నష్టం మాత్రమే కాదని చెప్పేది ఇందుకే.

మరి సర్వీస్ సెంటర్ చెప్పినవన్నీ చేయించాలా?

అక్కర్లేదు. ముందు జాగ్రత్త పేరుతో అవసరం లేని పనులు బిల్లులో చేరడం కూడా మామూలే. ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, రకరకాల కోటింగ్‌లు, ఆయిల్‌లో కలిపే అడిటివ్‌లు.. ఇవి చెప్పినప్పుడు ఒకే ప్రశ్న అడగండి. "ఇది మాన్యువల్‌లో ఇన్ని కిలోమీటర్లకు చేయించమని ఉందా?" ఉంటే చేయించండి. లేకపోతే ఏ సమస్య కోసం చేస్తున్నారో చెప్పమనండి. పార్టు మార్చితే పాతది చూపించమని అడగడం మీ హక్కు. అంచనా బిల్లు ముందే రాయించుకోండి.

అన్నీ గడువుకే మార్చాల్సిన పనీ లేదు. బల్బు లాంటివి పోయాక మార్చుకున్నా చాలు. అయితే ఒక హెడ్‌లైట్ పోయిందని తెలిశాక రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ఏది ఆగితే బండి ఆగుతుందో, ఏది పోతే ప్రాణం మీదకు వస్తుందో వాటికే ముందు ఖర్చు పెట్టాలి.

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇదే..

నెలకు రెండుసార్లు: టైర్లలో గాలి.

నెలకోసారి: ఆయిల్ లెవెల్, కూలెంట్ లెవెల్, బ్రేక్ ఫ్లూయిడ్ లెవెల్, అన్ని లైట్లు. బానెట్ ఎత్తినప్పుడు ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఈ బెడద ఎక్కువ. బండి ఆపిన చోట నేల మీద మరకలున్నాయా అన్నదీ గమనించండి. ఏసీ నుంచి పడే మామూలు నీళ్లకు కంగారు వద్దు.

వానాకాలం ముందు: వైపర్ బ్లేడ్లు, టైర్ గాడులు, బ్రేకులు. ఎండలకు గట్టిపడిన వైపర్ రబ్బరు మొదటి వానకే అద్దం మీద చారలు పెడుతుంది.

ఎండాకాలం ముందు: కూలెంట్, రేడియేటర్ పైపులు, ఫ్యాన్, ఏసీ, బ్యాటరీ.

దూర ప్రయాణానికి వారం ముందు: టైర్లు, స్టెప్నీ, జాకీ, బ్రేకులు, కూలెంట్, బ్యాటరీ. ముందురోజు రాత్రి చూపిస్తే లోపం తెలుస్తుంది గానీ బాగు చేయించే టైమ్ ఉండదు.

గడువు ప్రకారం: ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, బెల్ట్. తేదీ, కిలోమీటర్లు ఫోన్‌లో రాసుకుని రిమైండర్ పెట్టుకుంటే సరి. పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ తేదీలు కూడా అక్కడే రాసుకోవచ్చు.

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా కారు ఎప్పుడూ ఆగదని గ్యారంటీ ఏమీ లేదు. మేకు గుచ్చుకోవచ్చు, సెన్సర్ పోవచ్చు. కానీ కళ్లముందే అరుగుతూ, కారుతూ, కీచుమంటూ చెప్పిన లోపం వల్ల ఆగిపోయే పరిస్థితి మాత్రం తప్పించుకోవచ్చు. వచ్చే పండక్కి ఊరికి బయల్దేరే ముందు ఒక్క పది నిమిషాలు బానెట్ ఎత్తి చూస్తే, టోల్ గేట్ దగ్గర బానెట్ ఎత్తాల్సిన అవసరం చాలావరకు రాదు.

గమనిక: ఇక్కడ ఇచ్చిన వివరాలు అవగాహన కోసమే. కారు మోడల్‌ను బట్టి సర్వీస్ గడువులు, ఆయిల్ గ్రేడ్, టైర్ ప్రెజర్ మారుతుంటాయి. మీ కారు ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి. అనుమానం ఉంటే నమ్మకమైన మెకానిక్‌ను సంప్రదించండి.